కొట్టేసిన మాట

ఐదు, పది, పదిహేను, ఇరవై. ట్రే మీద మాత్రలు పోసి స్పాచులాతో ఐదేసి చొప్పున పక్కకి తోస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఏది లెక్కపెట్టినా ఐదేసి చొప్పునే. మెట్లెక్కుతున్నా అంతే. చేయి అలా అలవాటు పడిపోయింది. చేయి ఎంత వేగంగా ఆడితే అంత మంచి ఫార్మసిస్టునని కొత్తల్లో నాకో నమ్మకం ఉండేది.

మా సార్ దానికి ఒప్పుకునేవారు కాదు. ఆయన మా ఆసుపత్రి ఫార్మసీకి చీఫ్. గొంతు పెంచడం ఎప్పుడూ వినలేదు. చొక్కా జేబులో ఒక చిన్న భూతద్దం, ఒక ఎర్ర పెన్ను ఎప్పుడూ ఉండేవి. స్ట్రిప్పు అంచున కనీ కనపడకుండా కొట్టిన బ్యాచ్ నంబర్లు చదవడానికి ఆ భూతద్దం. ఎర్ర పెన్ను సంగతి తర్వాత చెప్తాను. "వేగం సరేనమ్మా, చేయి ఎక్కడికి వెళ్తోందో కళ్లకి తెలుస్తోందా?" అనేవారు. నవ్వేసి ఊరుకునేదాన్ని. ఆ మాట తలకెక్కాలంటే ఒక తప్పు చేయాల్సి వచ్చింది.

చేరిన రెండో ఏడు. సాయంత్రం షిఫ్టు మారే టైము. ఫార్మసీలో పనిచేసిన వాళ్లెవరికైనా తెలుసు, ఆ అరగంట ఎలా ఉంటుందో. వెళ్లేవాళ్ల మనసు అప్పటికే గుమ్మం దాటేసి ఉంటుంది, వచ్చినవాళ్లకి ఇంకా సగం సంగతులు తెలియవు. వార్డు నుంచి ఇండెంటు, అంటే మందు పంపమనే చీటీ వచ్చింది. హైడ్రాక్సిజిన్ 25 ఎంజీ. దురదకి, అలర్జీకి ఇచ్చే మాత్ర. అదే సమయానికి ఫోన్ మోగింది. రిసీవర్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే అరలోంచి డబ్బా తీసి, స్ట్రిప్పు కత్తిరించి, కవర్లో వేసి పంపేశాను.

పావుగంటకి ఆ వార్డు సిస్టర్ తనే దిగొచ్చింది. చేతిలో స్ట్రిప్పు.

"ఆ పేషెంటుకి ఒళ్లంతా దద్దుర్లు. మీరు బీపీ మాత్ర పంపారు. ఆవిడ బీపీ పొద్దున్నుంచి తక్కువగానే ఉంది" అంది.

చూస్తే హైడ్రలజిన్. అది కూడా 25 ఎంజీయే. రెండిటి పేర్లూ ఒకేలా మొదలవుతాయి, 10, 25, 50 అని రెండూ ఒకే మోతాదుల్లో వస్తాయి. మా అరలో రెండూ అక్షర క్రమంలో పక్కపక్కనే ఉండేవి. పైగా ఒకే కంపెనీవి, ఒకే తెల్ల డబ్బా, ఒకే నీలి గీత. ఒకటి దురదకి, ఒకటి రక్తపోటు దించడానికి.

చెవులు వేడెక్కాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ముందు గుర్తొచ్చింది పేషెంటు కాదు. ఎవరెవరు చూశారా అని పక్కకి చూశాను. ఇన్నేళ్లయినా, తప్పు చేసినందుకు కన్నా అలా చూసినందుకే నాకు ఎక్కువ సిగ్గు.

సార్ లోపల్నుంచి వచ్చారు. సిస్టర్‌ని కూర్చోమన్నారు. "మీరు పేరు చూసి ఊరుకోకుండా, దురదకి బీపీ మాత్రేంటి అని ఆలోచించారు. చాలా థ్యాంక్సమ్మా" అన్నారు. ఆమె వెళ్లాక నావైపు తిరిగారు. ఇక తిట్లు మొదలవుతాయని తల దించుకున్నాను.

"రా, ఇందాక ఎలా నిలబడ్డావో అలాగే నిలబడు" అన్నారు.

అరకి ఎదురుగా నిలబడ్డాను.

"ఫోనేది? అది కూడా పెట్టుకో."

రిసీవర్ భుజం మీద ఇరికించుకున్నాను. మెడ పక్కకి వంగింది.

"ఇప్పుడు హైడ్రాక్సిజిన్ తియ్యి."

చేయి చాపాను. పట్టుకున్నది మళ్లీ హైడ్రలజిన్ డబ్బానే. ఈసారి తెలిసి తెలిసి, జాగ్రత్తగా ఉండాలనుకుని కూడా. మెడ వంచితే కళ్లు ఆ డబ్బా మొదటి సగమే చూస్తున్నాయి, పేరులో తేడా ఉన్న రెండో సగం నా చేతి చాటున పడుతోంది. సార్ కాసేపు ఆ అరనే చూశారు. "నీ ఒక్కదానిదే కాదమ్మా తప్పు. ఈ అర కూడా తప్పు చేస్తోంది" అన్నారు.

అప్పుడు తెచ్చారు ఆ పుస్తకం. పొడుగాటి నోటుపుస్తకం, గళ్లు చేత్తో గీసినవే. టైము, ఏ మందు, ఎవరు పట్టుకున్నారు, ఎందుకు జరిగింది. నాలుగే గళ్లు. తప్పు చేసిన మనిషి పేరుకి గడి లేదు. మొదటి మూడూ రాసేశాను. నాలుగో దానిలో ఒకే మాట రాశాను: అజాగ్రత్త. అదే నిజాయతీ అనుకున్నాను, నిందంతా నా మీద వేసుకోవడం.

సార్ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఆ మాట కొట్టేశారు. "అజాగ్రత్త అనేది కారణం కాదమ్మా, తిట్టు. తిట్లు రాస్తే ఈ పుస్తకం రేపు ఎవరూ తెరవరు. ఏం జరిగిందో రాయి."

దాని కిందే మళ్లీ రాశాను. ఫోన్ మాట్లాడుతూ తీశాను. రెండు డబ్బాలు ఒకేలా ఉన్నాయి. పక్కపక్కన ఉన్నాయి.

మర్నాటికి హైడ్రలజిన్ వేరే అరకి మారింది. ఫోన్‌ని అక్కణ్నుంచి తీసేసి గుమ్మం పక్క గోడకి బిగించారు, మందులు తీస్తున్నవాళ్లు ఫోనెత్తకూడదన్నారు. అంతే. మీటింగులూ సర్క్యులర్లూ ఏమీ లేవు.

ఒకేలా కనిపించే పేర్లలో తేడా ఉన్న అక్షరాలను మాత్రం ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అచ్చువేసే పద్ధతి ఒకటుందని, దాన్ని టాల్ మ్యాన్ లెటరింగ్ అంటారని, అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2001లో ఇలాంటి జంటల మీద పని మొదలుపెట్టి ఒక జాబితా చేసిందని చాలా కాలానికి తెలిసింది. ఆ జాబితాలో నా జంట ఉందేమోనని వెతికాను. ఉంది. హైడ్రలజిన్, హైడ్రాక్సిజిన్. ఒక్కదాన్నే కాదన్నమాట అని కాసేపు ప్రాణం తేలికపడింది. ఇంతమంది చేతులు ఇదే అరలో తప్పాయా అని ఆ వెంటనే భయం వేసింది.

నా తప్పు జరిగిన మర్నాడు పొద్దున్న అందరం ఉన్నప్పుడు సార్ ఒక సంగతి చెప్పారు. నా పేరెత్తలేదు. తన కథే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకాయనకి కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ ఇచ్చారట. ఆ జబ్బుకి ఆ మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతింటుంది, ప్రాణాలే పోవచ్చు. చేయి రోజూ రాసే మాటకి అలవాటు పడి, సార్ లేబుల్ మీద "రోజుకి ఒకటి" అని రాసేశారు. నాలుగో రోజుకి ఆయన నోరంతా పుళ్లతో తిరిగొచ్చాడు. ఆసుపత్రిలో చేర్చుకుని విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇచ్చారు. అదృష్టం బాగుండి కోలుకున్నాడు.

"అప్పటి మా చీఫ్ నన్ను అందరిముందూ కడిగేశారు. ఆ తర్వాత రెండేళ్లు నేను చేసిన ఏ తప్పూ ఎవరికీ చెప్పలేదు" అని ఆగారు. "చేయలేదని కాదు."

గదిలో ఎవరూ కదల్లేదు. చీఫ్ అనే మనిషి తన తప్పు తానే చెప్పుకోవడం అంతకు ముందు నేను చూడలేదు. తర్వాత కూడా పెద్దగా చూడలేదు.

సార్ దగ్గర నేర్చుకున్న ఇంకో విద్య ఫోన్ చేయడం. వినడానికి సిల్లీగా ఉంటుంది గానీ, ప్రిస్క్రిప్షన్‌లో తేడా కనిపించి పెద్ద డాక్టరుకి ఫోన్ చేయాల్సొస్తే నా అరచేతులు తడిసిపోయేవి. ఒకసారి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న పేషెంటుకి కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఆ రెండూ కలిస్తే రక్తం మరీ పలచబడుతుంది, రక్తం గడ్డకట్టే తీరుని చెప్పే ఐఎన్ఆర్ అనే లెక్క పెరిగిపోయి ఎక్కడో ఒకచోట రక్తస్రావం మొదలుకావచ్చు. ఫోన్ చేశాను. "సార్, ఈ రెండూ పడవేమో సార్..." అని నసిగాను. "అయితే ఏం చేయమంటావు?" అన్నారాయన. నాకు నోరు పెగల్లేదు. ఏం చేయమనాలో నేను ఆలోచించలేదు మరి. ఫోన్ పెట్టేశారు.

కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయనకి పొగరని పక్కన ఉన్నవాళ్లతో అన్నాను కూడా. సార్ విని, "పొగరు సంగతి వదిలెయ్. ఆయన అడిగిన ప్రశ్నలో తప్పేముంది?" అన్నారు. ఒక కాగితం ఇచ్చి మూడు వాక్యాలు రాయమన్నారు. ఏం కనిపించింది, దానివల్ల ఏం కావచ్చు, నువ్వయితే ఏం చేస్తావు. మూడో వాక్యం రాయలేకపోతే ఫోన్ ముట్టుకోవద్దన్నారు. పుస్తకాలు తిరగేసి, ఆ ఇన్ఫెక్షన్‌కి పనికొచ్చే వేరే యాంటీబయాటిక్ ఏదో, అది కుదరకపోతే ఐఎన్ఆర్ ఎన్ని రోజులకి చూడాలో రాసుకుని, కాగితం చూస్తూ మళ్లీ ఫోన్ చేశాను. అటువైపు రెండు క్షణాలు నిశ్శబ్దం. "సరే, మార్చేస్తాను" అన్నారు. అంతే. మెచ్చుకోలు లేదు, థ్యాంక్స్ లేదు. ఆ "సరే" ఈరోజుకీ నా చెవిలో ఉంది.

ఎన్నో ఏళ్ల తర్వాత ఒక ట్రైనింగులో ఎస్‌బీఏఆర్ అని నేర్పారు. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి, అక్కణ్నుంచి ఆసుపత్రులకి వచ్చింది. పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన, ఈ వరసలో సంగతి చెప్పడం. అందరూ నోట్సు రాసుకుంటున్నారు. నాకు మాత్రం సార్ ఇచ్చిన కాగితం ముక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కౌంటర్ అవతలికి వెళ్లడం కూడా ఆయన్ని చూసే నేర్చుకున్నాను. కౌంటర్‌కి అవతల పేషెంటు, ఇవతల మనం, మధ్యలో మందుల కవరు. "అర్థమైందా?" అంటే ఎవరైనా "ఆఁ" అనే అంటారు. సార్ ఆ ప్రశ్న ఎప్పుడూ వేసేవారు కాదు. తలుపు తీసుకుని బయటికొచ్చి పక్కన నిలబడి, "ఇంటికెళ్లాక ఇది ఎలా వాడాలో మీవాళ్లకి ఎలా చెప్తారో నాకు చెప్పండి" అనేవారు. ఒక పెద్దాయన ఇన్‌హేలర్‌ని ఆరు నెలలుగా మూత తీయకుండానే నొక్కుతున్నాడని అలాగే బయటపడింది. ఆ ఆరు నెలలూ ప్రతిసారీ ఇన్‌హేలర్ ఇచ్చింది నేనే, "ఆఁ" విన్నదీ నేనే. మందు చేతికిచ్చేస్తే మన బాధ్యత తీరిపోదని, ఆ మందుతో మనిషికి ఏమైందన్నది కూడా ఫార్మసిస్టు లెక్కలోకే వస్తుందని 1990లోనే హెప్లర్, స్ట్రాండ్ అనే ఇద్దరు రాశారు. చదువుకునే రోజుల్లో అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆ మూత చూశాకే దాని అర్థం తెలిసింది.

ఇంతవరకూ చదివితే నేనేదో బంగారంలా తయారయ్యాననిపిస్తుంది. అసలు కథ ఇక్కణ్నుంచే.

సార్ రిటైరయ్యారు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. మొదటి వారంలోనే నాకు నిద్ర పట్టడం మానేసింది. అందరూ పంపే ప్రతి కవరూ నేనే మళ్లీ తెరిచి చూసేదాన్ని. మత్తుమందులుండే నార్కోటిక్స్ బీరువా తాళంచెవి నా జేబులోనే. సెలవు పెడితే ఏమవుతుందోనన్న టెన్షన్‌తో సెలవే పెట్టేదాన్ని కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే చెప్పడం కన్నా చేసేయడమే తేలిక కాబట్టి చేసేసేదాన్ని. ఫార్మసీని నేను నడిపిస్తున్నానని అనుకున్నాను. నిజానికి పదిమంది పనీ నా ఒక్కదాని నెత్తిన పెట్టుకుని పరిగెడుతున్నానంతే. వాళ్లేమో నిలబడి చూస్తున్నారు.

ఒకరోజు కొత్తగా చేరిన కుర్రాడు ఒకరి కవరు ఇంకొకరికి ఇవ్వబోయాడు. కౌంటర్ దగ్గరే, పేషెంట్ల ముందే గట్టిగా అరిచాను. "కళ్లు ఎక్కడ పెట్టుకుని పనిచేస్తున్నావ్?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. వాడి చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. ఆ ఎరుపు నాకు తెలిసినదే. అయినా ఆగలేదు.

ఆ తర్వాత పుస్తకంలో రాతలు పలచబడ్డాయి. ఒక నెలైతే పేజీ మొత్తం ఖాళీ. నా హయాంలో తప్పులే లేవని మురిసిపోయాను. నవ్వొస్తుంది ఇప్పుడు తలుచుకుంటే.

ఒకరోజు సార్ ఏదో పని మీద ఇటొచ్చి పలకరించడానికి లోపలికొచ్చారు. కూర్చోకుండానే పుస్తకం తీసి పేజీలు తిప్పారు. ఖాళీ పేజీ దగ్గర ఆగి, భూతద్దం తీసి ఆ తెల్ల కాగితం మీద పెట్టి చూశారు. ఆయన హాస్యం అలాగే ఉండేది.

"ఈ నెల మందులివ్వలేదా అమ్మా?"

"ఇచ్చాం సార్. రోజూ ఇచ్చాం."

"మరి మనుషులు కాకుండా ఇంకెవరైనా ఇచ్చారా?"

తల కొట్టేసినట్టయింది. ఆయన ఇంకేమీ అనలేదు. గుమ్మం దగ్గర ఆ కుర్రాడి భుజం తట్టి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న అందరినీ పిలిచి హైడ్రాక్సిజిన్ కథ చెప్పాను. ఫోన్, భుజం, నీలి గీత, పక్కకి చూసిన చూపు, అన్నీ. అరిచినందుకు ఆ కుర్రాడికి అందరిముందే సారీ చెప్పాను. ఏదో మారిపోతుందనుకున్నాను. ఏమీ మారలేదు. రెండు వారాలు పుస్తకం అలాగే ఉంది. ఒకరోజు ఉపన్యాసానికి నోళ్లు తెరుచుకోవు. అరిచిన అరుపు ఒక్కటి, దాన్ని కడుక్కోవడానికి రోజూ పొద్దున్నే నీళ్లు మోయాలి. ఆ రెండు వారాలూ నా సొంత తప్పులే రాసుకుంటూ పోయాను. చిన్నవే. స్టాకు లెక్క తేడా, లేబుల్లో తేదీ తప్పు, అలాంటివి.

మూడో వారంలో సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆ కుర్రాడు పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. రాత చిన్నగా, గళ్లలో కుక్కినట్టుంది. నెల క్రితం ఒక పొద్దున్న ఫ్రిజ్ థర్మామీటరు రాత్రి కనిష్ఠంగా మైనస్ 2 చూపించిందట. మందుల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నాకు చెబితే మళ్లీ అరుస్తానని భయపడి, నాబ్ తిప్పి, థర్మామీటరు రీసెట్ చేసి, చార్టులో 4 అని రాసేశాడు.

గుండె జారిపోయింది. ఆ ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందంటే కరిగాక కూడా వాడకూడదు. చూడటానికి మామూలుగానే కనిపించొచ్చు, కానీ దాని పనితనాన్ని నమ్మడానికి లేదు. వెనక గోడకి ఆనించి పెట్టిన వయల్స్, అంటే ఇన్సులిన్ సీసాలు, నెల రోజులుగా జనానికి ఇస్తూనే ఉన్నాం.

అప్పుడు నాకు అరవాలనిపించిందా అంటే, అనిపించింది. గొంతు దాకా వచ్చింది. పుస్తకంలో నాలుగో గడి చూశాను. వాడు "నా అజాగ్రత్త" అని రాశాడు. నా జేబులో ఎర్ర పెన్ను లేదు, నీలిదే ఉంది. దాంతోనే కొట్టేశాను. "ఇప్పుడు కూర్చో. ఏ బ్యాచ్, ఎవరికి వెళ్లింది, లిస్టు తీద్దాం" అన్నాను.

రాత్రి పదింటిదాకా ఇద్దరం రిజిస్టర్లు తిరగేశాం. పదకొండు మంది తేలారు. వరసగా ఫోన్లు. వయల్ వాడొద్దు, కొత్తది ఇస్తాం అని. అయితే అది అంత తేలిక కాదని నాలుగో ఫోన్లో తెలిసింది. ఒకావిడకి షుగర్ తగ్గట్లేదని డాక్టరు అప్పటికే డోసు పెంచేశారు. మందు పనిచేయట్లేదని ఎవరికి తెలుసు? డోసే చాలట్లేదనుకున్నారు. ఇప్పుడు బాగా పనిచేసే కొత్త వయల్ ఇచ్చి, ఆవిడ పెరిగిన డోసే వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. తప్పు దిద్దబోయి ఇంకో తప్పు చేసేవాళ్లం. అంత రాత్రప్పుడు డాక్టరుకి ఫోన్ చేశాను. మూడు వాక్యాలు. కాగితం అక్కర్లేకపోయింది. మళ్లీ ఎంత డోసుతో మొదలుపెట్టాలో, షుగర్ ఎప్పుడెప్పుడు చూసుకోవాలో ఆయన చెప్పారు, అలాగే ఆవిడకి చెప్పాం, మర్నాడు పొద్దున్నే రమ్మన్నాం.

పొద్దున్న నేనే పైవాళ్ల దగ్గరికెళ్లి సంగతి చెప్పాను. "ఎవరు చేశారు?" అన్నారు వెంటనే. ఎప్పుడూ మొదటి ప్రశ్న అదే. "చార్టులో తప్పు రాసింది మా డిపార్ట్‌మెంటే. నాకు చెప్పాలంటే భయపడేలా చేసింది మాత్రం నేను" అన్నాను. మెమో ఇచ్చారు. తీసుకున్నాను. ఫ్రిజ్‌కి అలారం కూడా అడిగాను, అది రావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

జేమ్స్ రీజన్ అనే మానసిక శాస్త్రవేత్త 2000లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఇదే రాశాడని ఆ తర్వాత చదివాను. తప్పు జరిగితే మనిషిని చూడటం ఒక దారి, మనిషి పనిచేసే ఏర్పాటుని చూడటం ఇంకో దారి అని. నాకు ఆ వ్యాసంలో కొత్తేమీ కనపడలేదు. మా అరా, ఆ ఫ్రిజ్జూ నాకు ముందే చెప్పేశాయి. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, అలాంటివి చదివితే మన తప్పుకి ఒక పేరు దొరుకుతుంది, పదిమందికి చెప్పడానికి ధైర్యం వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే నివారించదగ్గ తీవ్రమైన హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలని పిలుపునిచ్చినప్పుడు, ఆ పోస్టరు తెచ్చి నోటీసు బోర్డుకి అతికించింది ఆ కుర్రాడే. నేను చెప్పలేదు.

ఆ ఏడాదే తాళంచెవి ఇచ్చేశాను. నార్కోటిక్స్ బీరువా బాధ్యత, రోజూ బ్యాలెన్సు చూడటం, రిజిస్టర్లో సంతకం, అన్నీ ఇంకొకరికి అప్పగించాను. ఇచ్చాక రెండు వారాలు జేబు తడుముకుంటూనే ఉన్నాను. తాళంచెవి పారేశానేమోనని రోజుకి నాలుగుసార్లు గుండె గుభేలుమనేది. తర్వాత సెలవు పెట్టాను. వారం. తిరిగొచ్చేసరికి ఏమీ కూలిపోలేదు. కొంచెం బాధేసింది కూడా.

ఎప్పుడో ఒక ట్రైనింగులో ఏడు నక్షత్రాల ఫార్మసిస్టు అని చెప్పారు. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినవి, ఫార్మసిస్టుకి ఉండాల్సిన ఏడు పాత్రలు. సేవ చేసేవాడు, నిర్ణయం తీసుకునేవాడు, మాట్లాడగలిగేవాడు, నాయకుడు, మేనేజరు, జీవితాంతం నేర్చుకునేవాడు, నేర్పేవాడు. హోటళ్లకి స్టార్లు విన్నాం గానీ మనక్కూడానా అని పక్కనున్న ఆవిడతో గుసగుసలాడాను. నాయకుడు అన్న మాట దగ్గర మాత్రం పెన్ను ఆగింది. ఆ మాటకి నాకు మైకులూ దండలూ గుర్తొస్తాయి. వంగిన మెడతో నిలబడ్డ నా పక్కన నిలబడి, అరనే చూస్తున్న సార్ మొహం ఆ రోజు ఎందుకు గుర్తొచ్చిందో.

సార్ ఇప్పుడు లేరు. భూతద్దం వాళ్లబ్బాయి నాకిచ్చాడు. బ్యాచ్ నంబర్లు ఇప్పుడు స్కానర్లే చదివేస్తున్నాయి, అయినా నా డ్రాయర్లోనే ఉంది.

మొన్నామధ్య జరిగిన సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. ట్రైనింగుకి వచ్చి మూడు నెలలైన అమ్మాయి. నెలల పిల్లకి జ్వరం, పారాసిటమాల్ డ్రాప్స్, లేబుల్ నేనే కొట్టాను. కవరు ఆ అమ్మాయి చేతికిస్తే ఇవ్వకుండా నిలబడింది.

"మేడమ్, ఇందులో 5 ఎంఎల్ అని ఉంది. ఇది మిల్లీలీటరుకి 100 ఎంజీ ఉండే డ్రాప్స్ కదా. చీటీలో 0.5."

తీసుకుని చూశాను. సున్నా లేదు, చుక్క లేదు. 50 ఎంజీ వేయాల్సిన పిల్లకి 500 ఎంజీ. పక్కకి చూడలేదు ఈసారి. తల్లి దగ్గరికెళ్లి ఒక్క నిమిషం ఆగమని చెప్పి, లేబుల్ మార్చి, సిరంజిలో 0.5 దాకా తీసి చూపించి పంపాను. వెనక్కొచ్చేసరికి ఆ అమ్మాయి పుస్తకం దగ్గర నిలబడి ఉంది. ఇది ఎన్నో పుస్తకమో, గళ్లు మాత్రం అవే నాలుగు.

"రాయమంటారా మేడమ్?"

"రాయి. పట్టుకున్నది నువ్వేగా."

టైము రాసింది. మందు రాసింది. మూడో గడిలో ట్రైనీ అని రాసింది. నాలుగో గడి దగ్గర ఆగింది. నాకు ఇంకా చేతులు వణుకుతున్నాయి.

"అజాగ్రత్త అని రాసెయ్" అన్నాను.

"అది రాయకూడదు కదా మేడమ్" అంది పెన్ను పైకెత్తి. "లేబుల్ కొట్టేటప్పుడు మీరేం చేస్తున్నారు?"

ఆలోచించాను.

"ఫోన్ మాట్లాడుతున్నాను."

రాసుకుంది.